విశాఖలో ప్రాచీన సైన్యాల మినియేచర్ టోర్నమెంట్: ఒక్క ఆదివారంలో నడిపే పద్ధతి

చిన్న బొమ్మల సైన్యాలతో బల్ల మీద పాత యుద్ధాలు ఆడే ఈ ఆటకు టోర్నమెంట్ పెడదామనగానే అందరూ ముందు అడిగేది "ఎవరి దగ్గర ఏ సైన్యం ఉంది?" అని. విశాఖలో చాలాసార్లు ఆ ప్రశ్న దగ్గరే పని ఆగిపోతుంది. పదిమందిని కూడగడితే రంగులేసిన సైన్యం ఏ ఒకరిద్దరి దగ్గరో ఉంటుంది. ఇంకొందరి దగ్గర డబ్బా విప్పని ముడి బొమ్మలుంటాయి. మిగతావాళ్లకు ఉత్సాహం తప్ప ఏమీ ఉండదు. అందుకే ఇక్కడ పద్ధతి తిరగేయాలి. సైన్యాలు బల్లల దగ్గరే ఉంటాయి, ఆటగాళ్లు బల్లలు మారుతుంటారు. ప్రతి బల్ల మీదా చరిత్రలో నిజంగా ఎదురుపడ్డ రెండు సైన్యాలు జంటగా పెడతారు. వచ్చే మనిషి ఉత్త చేతులతో వచ్చినా ఆడగలడు. ఈ వ్యాసం మొత్తం ఆ ఏర్పాటు గురించే: 12 మంది, 6 బల్లలు, 4 రౌండ్లు.

రూల్స్ ఎంపిక

మొదటిసారే పెద్ద రూల్స్ జోలికి పోవద్దు. 'లార్ ద లా గెర్' మంచి ఆటే. కానీ సైన్యానికి 200 పాయింట్లు, 15 మి.మీ. ఎత్తు బొమ్మలకు 120×80 సెం.మీ. మైదానం, పైగా ఆట రెండు గంటలు దాటుతుంది. కొత్తవాళ్లతో అయితే రోజుకు రెండు రౌండ్లకే చీకటి పడుతుంది. డీబీఏ, అంటే 'డి బెల్లిస్ యాంటిక్విటాటిస్', ఈ పనికి అచ్చంగా సరిపోతుంది. 1990లో మొదట వచ్చింది, 2014లో 3.0 వచ్చింది. ప్రకటనలోనే "3.0" అని రాయాలి. పాత 2.2 ఆడి వచ్చినవాళ్లు కదలిక దూరాల దగ్గర గొడవ పడతారు.

సైన్యానికి 12 బేసులు, ఒక శిబిరం. బేసు అంటే ఒక దళం బొమ్మల్ని అంటించిన చిన్న పలక. అంతే. పాచికకు ఆరు ముఖాలు. మీ వంతు రాగానే ఒక పాచిక వేస్తారు, పడ్డ అంకె ఎంతో అన్ని పిప్‌లు. ఒక పిప్‌తో ఒక బేసును గానీ, అంచులు కలిసి ఒకే దిక్కు చూస్తున్న ఒక వరుసను గానీ కదపొచ్చు. 1 పడితే సైన్యమంతా నిలబడి చూస్తుంటే ఒక్క వరుసే కదులుతుంది. కొత్తవాళ్లకు కోపం తెప్పించేది ఇదే, అనుభవజ్ఞులకు రుచించేదీ ఇదే. 4 బేసులు పోగొట్టుకుని, ఆ నష్టం శత్రువు నష్టం కంటే ఎక్కువగా ఉన్నవాడు ఓడినట్టు. సేనాని పడిపోయినప్పుడు కూడా, అప్పటికి తన నష్టమే ఎక్కువైతే ఓటమే.

ఆరు జంటలు

జంటలు ఎంచడంలో మన ఊరి రుచి, ఆట సమతూకం రెండూ చూసుకోవాలి. పనికొచ్చే జాబితా ఇది: క్రీ.పూ. 326 జీలం యుద్ధంలోని అలెగ్జాండర్, పురుషోత్తముడు (పోరస్). క్రీ.పూ. 216 నాటి కానే యుద్ధంలోని రోమ్, కార్తేజ్. 1066 హేస్టింగ్స్‌లోని నార్మన్లు, సాక్సన్లు. 1323లో ఓరుగల్లు పడిపోయినప్పటి కాకతీయులు, ఢిల్లీ సుల్తానులు. 1415 అజింకూర్‌లోని ఇంగ్లీషు, ఫ్రెంచి సైన్యాలు. చివరగా గజపతులు, విజయనగరం.

ఆ చివరి జంటకు మాత్రం అందరూ ఎగబడతారు. సింహాచలంలో కృష్ణదేవరాయల శాసనాలు చూసి పెరిగినవాళ్లం, ఆయన సైన్యమే కావాలంటారు. చిక్కేమిటంటే డీబీఏ కాలపరిధి 1500తో ముగుస్తుంది. రాయలు గద్దెనెక్కింది 1509లో. అందుకని బల్ల మీద చీటీలో రెండో దేవరాయలు, కపిలేంద్ర గజపతి అని రాయండి. ఇద్దరూ 15వ శతాబ్దం వాళ్లు, ఇద్దరి పాలనా కొన్నేళ్లు కలిసింది కూడా. రాయలవారి అభిమానులకు ముందే చెప్పేస్తే ఆ రోజు పంచాయితీ ఉండదు.

ప్రతి జంటనూ టోర్నమెంట్‌కు ముందు కనీసం నాలుగుసార్లు, చేతులు మార్చుకుంటూ ఆడి చూడాలి. నాలుగుసార్లూ ఒకే వైపు గెలిస్తే ఆ జంటలో ఏదో తేడా ఉంది. చాలాసార్లు తప్పు సైన్యంలో ఉండదు, మైదానంలో ఉంటుంది. అజింకూర్ బల్లలో విలుకాళ్ల ముందు ఖాళీ మైదానం పెట్టి, రెండు పక్కలా దట్టమైన అడవి పెడితే ఫ్రెంచి గుర్రాలకు దారే ఉండదు. అడవిని రెండు బేసుల వెడల్పు పక్కకు జరిపితే ఆట మళ్లీ నిలబడుతుంది.

ఎవరు ఏ వైపు ఆడాలన్నది పాచికతో తేల్చండి. ఎక్కువ పడ్డవాడు సైన్యాన్ని ఎంచుకుంటాడు, తక్కువ పడ్డవాడు తన అంచును ఎంచుకుంటాడు. ఒక ఆటగాడు ఒకే బల్లకు రెండోసారి రాకుండా చూసుకుంటే చాలు, రోజంతా కొత్త సైన్యమే చేతికొస్తుంది.

బేసు 40 మి.మీ. అంటే 40 మి.మీ.

ఈ ఆటలో అన్ని దూరాలూ బేసు వెడల్పుతోనే కొలుస్తారు. 15 మి.మీ. బొమ్మలకు ఆ వెడల్పు 40 మి.మీ., 25 లేదా 28 మి.మీ. బొమ్మలకైతే 60. ఈటెల కాలిబలం లాంటి దగ్గరి వరుసల దళం ఒక వంతులో 2 వెడల్పులు నడుస్తుంది, అంటే 80 మి.మీ. విలుకాళ్ల బాణం 3 వెడల్పులు పోతుంది, అంటే 120. శత్రువు ముందు 1 వెడల్పు మేర, 40 మి.మీ., బెదిరింపు జాగా. అందులోకి వస్తే ఇష్టం వచ్చినట్టు తిరగడం కుదరదు.

ఇప్పుడు బేసులు చేత్తో కత్తిరించి, ఒక్కోటి 41 మి.మీ. వచ్చిందనుకోండి. ఒక్క బేసు చూస్తే కంటికి ఆనదు. 8 బేసుల వరుస కడితే 8 మి.మీ. తేడా. ఎదుటి వరుస సరిగ్గా 320 మి.మీ. ఉంటే, మూలకు మూల తగలాల్సిన చోట ఒక చివర మూల బయటికి పొడుచుకొస్తుంది. "నాది పక్కన తగిలింది", "లేదు, తగల్లేదు" అని పదినిమిషాలు పోతాయి. అట్టముక్కలు, చేత్తో కోసిన థర్మోకోల్ బేసులు వద్దనేది ఇందుకే.

నేమ్‌ప్లేట్లు, పెళ్లి కానుకలు లేజర్‌తో కోసే షాపులో 2 మి.మీ. ఎండీఎఫ్ ఇచ్చి కోయించండి. 12 సైన్యాలకు 144 బేసులు, పాడయ్యేవాటికి ఇంకో పాతిక. వెడల్పు అన్నిటికీ 40. లోతు మారుతుంది: దగ్గరి వరుసల ఈటెలు, కత్తుల కాలిబలానికి 15, చెదురుగా పోరాడే తేలికపాటి కాలిబలానికి 20, గుర్రాలకు 30, ఏనుగులకూ రథాలకూ 40. ఒక్క ముక్క ముందు కోయించి వెర్నియర్‌తో కొలిచాక మిగతావి కోయమనండి. కోసిన ఎండీఎఫ్ అంచులు మన సముద్రపు గాలికి ఉబ్బుతాయి. ఫెవికాల్‌లో అంతే నీళ్లు కలిపి నాలుగు అంచులకూ ఒక పూత వేసి ఎండబెట్టాలి.

బొమ్మల లెక్క: ఈటెలవాళ్లు, కత్తులవాళ్లు బేసుకు 4, గుర్రాలు 3, తేలికపాటి కాలిబలంలో చిన్న దళాలకు 2, ఏనుగు 1. ఉదాహరణకు 5 ఈటెల దళాలు, 1 కత్తుల దళం, 3 గుర్రపు దళాలు, 2 తేలికపాటి దళాలు, 1 ఏనుగు ఉన్న సైన్యానికి 28 మంది కాలిబలం, 9 గుర్రాలు, 1 ఏనుగు సరిపోతాయి. 12 సైన్యాలంటే సుమారు 450 బొమ్మలు. ఒక్కడి వల్ల కాదు. నలుగురు తలా ఒకటిన్నర జంట తీసుకుంటే మూడు నెలల్లో తేలుతుంది. అంత తీరిక లేకపోతే మొదటి టోర్నమెంట్‌కు రెండు బల్లల మీద మందపాటి కాగితం మీద ప్రింట్ తీసిన బొమ్మలు నిలబెట్టండి. 300 జీఎస్‌ఎం కాగితం నిలబడుతుంది, మామూలు ఏ4 ఫ్యాను గాలికి వంగిపోతుంది. ఎవరూ ఏమీ అనుకోరు.

ఈటెల గురించి ఒక మాట. అచ్చులో వచ్చిన ప్లాస్టిక్ ఈటెలు వంగి ఉంటాయి, లోహపువి రెండు ఆటలకే విరుగుతాయి. గిటారు తీగ పెడితే గట్టిగానే ఉంటుంది గానీ ఆటగాళ్ల వేళ్లలో దిగుతుంది. బట్టల బ్రష్ ప్లాస్టిక్ పోచలు 25 మి.మీ. ముక్కలుగా కోసి, చేతికి సన్నగా రంధ్రం చేసి అంటిస్తే వంగుతాయే తప్ప విరగవు. కొబ్బరి చీపురు ఈనె 15 మి.మీ. బొమ్మ చేతిలో దూలంలా కనిపిస్తుంది, వద్దు. ఈటెల్ని నిటారుగానో కాస్త వెనక్కి వాల్చో పెట్టండి. ముందుకు చాచి పెడితే 15 మి.మీ. లోతు బేసు దాటి బయటికి పొడుచుకొచ్చి, ఎదుటి బేసును ఆననివ్వవు.

బేసు వెనక అంచున చిన్న చీటీ తప్పనిసరి. సైన్యం పేరు, దళం రకం, ఆ జంటలో ఎరుపు చుక్కో నీలం చుక్కో. ఆ సైన్యాన్ని ఆడేది దాన్ని రంగులేసినవాడు కాదు. కాకతీయుల కాలిబలంలో ఎవరు విలుకాళ్లో, ఎవరు తేలికపాటి దళమో కొత్తవాడికి ముఖాలు చూస్తే తెలియదు.

ఉక్కపోత చేసే పాడు

విశాఖలో తుది పూత దగ్గర చాలా సైన్యాలు పాడవుతాయి. గాలిలో తేమ ఎక్కువున్న రోజు మ్యాట్ వార్నిష్ స్ప్రే కొడితే రంగుల మీద తెల్లటి పొగమంచు కమ్మినట్టవుతుంది. ఎరుపు, నలుపు చోట్ల మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. స్ప్రే మానేసి, కుంచెతో నీటి ఆధారిత మ్యాట్ వార్నిష్ రెండు పల్చటి పూతలు వేయడం మేలు. స్ప్రేనే కావాలంటే డిసెంబరు, ఫిబ్రవరి మధ్య, ఎండ పడ్డాక కొట్టండి. మబ్బు పట్టిన రోజు వద్దు. సూపర్ గ్లూ కూడా తేమకు ఇలాగే తెల్లటి పొడి వదులుతుంది. బొట్టు తగ్గించి, పని అయ్యేదాకా గాలి ఆడేచోట ఉంచితే తగ్గుతుంది.

బేసు మీద నేల కోసం ఆర్కే బీచ్ నుంచి ఇసుక తెచ్చుకుందామనిపిస్తుంది. అది ఉప్పు ఇసుక. ఎంత ఎండబెట్టినా ఉప్పు తేమ పీలుస్తూనే ఉంటుంది, కొన్ని నెలలకు రంగు పొరలుగా లేస్తుంది. ఇల్లు కట్టేచోట దొరికే ఏటి ఇసుకను టీ వడపోసే జల్లెడలో జల్లించి, రెండుసార్లు కడిగి, ఎండబెట్టి వాడండి. వాడేసిన టీ పొడి పూర్తిగా ఎండబెట్టి ఫెవికాల్ మీద చల్లితే బ్రహ్మాండమైన మట్టినేల అవుతుంది. సరిగ్గా ఎండకపోతే బూజు పడుతుంది.

బేసుల అడుగున అంటించే అయస్కాంతపు షీట్, ఇనుప రేకు అడుగున్న డబ్బా మంచి జోడు. బైక్ మీద బీచ్ రోడ్డు గతుకుల్లో వచ్చినా బొమ్మలు కదలవు. కానీ ఆ రేకు రెండు వానాకాలాలకు తుప్పు పడుతుంది. దాని మీద వంటింటి అరల్లో పరిచే ప్లాస్టిక్ షీట్ ఒక పొర అంటిస్తే తుప్పు బేసులకు ఎక్కదు, పట్టు కూడా పోదు.

మైదానాలు

ఒక్కో మైదానం 60×60 సెం.మీ. 6 మి.మీ. ప్లైవుడ్ లేదా ఎండీఎఫ్, దాని మీద ఫెల్ట్ గుడ్డ. 6 చాలు, కానీ 7 చేయండి. ఒకదాని మీద టీ పడుతుంది, పడి తీరుతుంది. నాలుగు ఆకుపచ్చ, రెండు గోధుమ, ఒకటి భీమిలి ఎర్రమట్టి దిబ్బల రంగులో చేస్తే చూడ్డానికి మన ఊరి ఆటలా ఉంటుంది. దిబ్బల నుంచి మట్టి మాత్రం తేవద్దు, అది రక్షిత స్థలం. రంగుతోనే ఆ ఎరుపు వస్తుంది.

రూల్స్ ప్రకారం రక్షణ పక్షం నేలను ఎంచుకుని, పాచికలతో పరుస్తుంది. టోర్నమెంట్‌లో ఇది పదిహేను నిమిషాలు తినేస్తుంది. బల్లకు నేల ముందే పరిచి, ముక్కల చుట్టూ సుద్దతో గీత గీసి, నాలుగు రౌండ్లూ అలాగే ఉంచండి. ఆట నడుస్తుండగా అడవి ముక్క పక్కకు జరిగితే గీత చూసి సరిచేయొచ్చు. సముద్రతీరం ఉన్న బల్ల విశాఖ కాబట్టి పెట్టాలనిపిస్తుంది, పెట్టండి. కానీ తీరం నుంచి దళాలు దిగే రూల్ మొదటిసారి తీసేయండి, సందేహాలన్నీ దాని చుట్టూనే పుడతాయి.

అడవిలో చెట్లు బేసుకు అంటించకూడదు. అడవి ఆకారంలో ఫెల్ట్ ముక్క, దాని మీద విడిగా నిలబడే చెట్లు. దళం లోపలికి వెళ్తే చెట్టు తీసి పక్కన పెడతారు, అడవి అంచు నేల మీద అలాగే ఉంటుంది. కొండల్ని కైలాసగిరిలా నునుపుగా వాలుగా చెక్కితే బొమ్మలు జారతాయి. 5 మి.మీ. సన్‌బోర్డ్ పొరలు రెండు మూడు మెట్లుగా పేర్చండి, ఒక్కో మెట్టూ కనీసం 45 మి.మీ. వెడల్పు, ఒక బేసు స్థిరంగా నిలబడేంత. చెట్ల ఆకులకు రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు కలిపి వాడొచ్చు, పొడవు గడ్డికి కొబ్బరి పీచు.

అన్ని బల్లలకూ ఒకే కొలబద్ద ఇవ్వండి: 20 సెం.మీ. చెక్క పుల్ల మీద 40, 80, 120, 160, 200 మి.మీ. దగ్గర గాట్లు. ఇంట్లో స్కేళ్లతో అంగుళాలు, సెంటీమీటర్లు కలగలిపి కొలిస్తే తేడా వస్తుంది.

హాలు

ద్వారకానగర్, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర్లో హాలు దొరికితే గాజువాక, మధురవాడ వాళ్లకూ, బస్సులో వచ్చే విజయనగరం, అనకాపల్లి వాళ్లకూ వీలు. లేకపోతే ఏ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌసైనా సరిపోతుంది. అక్టోబరు, నవంబరు ఆదివారాలు వదిలేయండి, తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది కూడా ఒక ఆదివారమే.

టెంట్ హౌస్ బల్లలు మాట్లాడేటప్పుడు టేపు పట్టుకుని వెళ్లండి. 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు బల్ల మీద రెండు మైదానాలు పడతాయి, మధ్యలో రెండు అడుగుల ఖాళీ డబ్బాలకు. కానీ 2 అడుగులంటే 61 సెం.మీ., మైదానం 60. మోచేయి తగిలితే మైదానం అంచు దాటి వాలిపోతుంది, అటు సేనాని నేల మీద. రెండు బల్లలు పక్కపక్కనే జోడించడమో, మైదానం అడుగున జారకుండా రబ్బరు మ్యాట్ ముక్క వేయడమో చేయండి. ఫ్యాన్లు ఫుల్ స్పీడ్‌లో ఉంటే కాగితపు బొమ్మలు, చెట్లు ఎగురుతాయి. బల్లల మీది ఫ్యాన్లు మధ్య స్పీడ్‌లో పెట్టి, గోడల దగ్గర స్టాండు ఫ్యాన్లు పెట్టాలి. కరెంటు పోతే ఆట ఆగకుండా రెండు రీచార్జ్ లైట్లు సిద్ధంగా ఉంచండి.

తిండి బల్లలకు దూరంగా. ముంత మసాలా తిన్న చేత్తో గుర్రం పట్టుకుంటే నిమ్మరసం, నూనె కలిసి వార్నిష్ మీద మరక పడుతుంది. తలుపు దగ్గరే తడి గుడ్డ, సబ్బు పెట్టాలి.

రోజు ఎలా నడవాలి

9:00కు హాలు తెరవాలి. 9:30కు పేర్లు నమోదు, 9:45కు ఒక పోరాటం బల్ల మీద చేసి చూపించాలి. మొదటి రౌండు 10:00 నుంచి 11:10 వరకు, రెండోది 11:25 నుంచి 12:35 వరకు. భోజనం. మూడోది 1:30 నుంచి 2:40, నాలుగోది 2:55 నుంచి 4:05. మన వాళ్లు 9:30 అంటే 9:55కు వస్తారు. కాబట్టి ప్రకటనలో 9:00 అని రాసి, 10:00కు గంట కొట్టేయండి. 15 నిమిషాలు దాటి వచ్చినవాడికి ఆట దక్కుతుంది గానీ సమయం పెంచరు.

ఉదయం చూపించాల్సిన పోరాటం ఇది. ఈటెల దళం బలం కాలిబలం మీద 4. పక్కన ఇంకో ఈటెల దళం ఆనుకుని ఉంటే పక్కబలం 1 కలిసి 5. ఎదురుగా కత్తుల దళం, దానికి కాలిబలం మీద 5. ఇద్దరూ సమానం. ఈటెలకు పాచిక 3, కత్తులకు 6 పడ్డాయి. 8కి 11. ఈటెలు ఓడాయి, కానీ 8 అనేది 11లో సగానికి మించింది, కాబట్టి వెనక్కి జరుగుతాయంతే. ఇప్పుడు అదే ఈటెల దళం పక్కవాళ్లు పోయి ఒంటరిగా, రెండు పక్కలా శత్రు బేసులు ఆనుకుని ఉందనుకోండి. పక్కబలం లేదు, ఒక్కో పక్కకు 1 చొప్పున 2 తగ్గుతుంది. మిగిలింది 2. పాచిక 1 పడితే 3. కత్తులు 2 వేసినా 7. 3 అనేది 7లో సగం కూడా కాదు, దళం నాశనం. పాచికల అదృష్టం కాదు, వరుస చెదరడమే చంపిందని ఈ ఒక్క ఉదాహరణతో అందరికీ అర్థమవుతుంది. నాశనం, వెనక్కి జరగడం మధ్య ఆ "సగం" లెక్క తెలియకపోతే మొదటి రౌండంతా అదే ప్రశ్న.

వెనక్కి జరిగే దళానికి దారిలో శత్రువు ఎదురైతే నాశనమే. అది కూడా చెప్పేయండి.

55వ నిమిషానికి "ఇంకా పదిహేను నిమిషాలు" అని కేకేయాలి. 70వ నిమిషానికి గంట. దాడి పక్షమే మొదట కదులుతుంది కాబట్టి, గంట కొట్టేసరికి దాడి పక్షం వంతు నడుస్తుంటే రక్షణ పక్షానికి కూడా ఒక వంతు ఇచ్చి ఆపాలి. అంటే ఇద్దరికీ సమానమైన వంతులు. ఈ ఒక్క నియమం కాగితం మీద రాసి ప్రతి బల్లకూ అంటించండి.

పాయింట్లు, జతలు

గెలుపుకు 4, సమయం అయిపోయి తేలకపోతే చెరి 1, ఓటమికి 0. డ్రాకు 2 ఇస్తే, నష్టపడ్డవాడు కొండెక్కి కూర్చుని గడియారం చూస్తుంటాడు. 1 ఇస్తే కూర్చోవడం గిట్టుబాటు కాదు. సమానం వస్తే మొత్తం రోజులో నాశనం చేసిన బేసులు చూడాలి, అదీ సమానమైతే ఎదురాడినవాళ్ల పాయింట్ల మొత్తం. ఓడినవాడు కూడా చివరిదాకా ఒక బేసు కోసం పోరాడేలా చేసేది ఇదే.

స్విస్ పద్ధతి. మొదటి రౌండుకు చీట్లు తీయాలి, కానీ ఒకే ఇంటి వాళ్లు, ఆట నేర్పినవాడూ నేర్చుకున్నవాడూ కలవకుండా చూడాలి. ఆ తర్వాత సమాన పాయింట్లవాళ్లను జతకట్టాలి, ముందు ఆడినవాళ్లను మళ్లీ కలపకూడదు. 12 మందితో డ్రాలు లేకుండా లెక్క ఇలా ఉంటుంది: రెండు రౌండ్లయ్యేసరికి రెండు గెలిచినవాళ్లు 3, ఒకటి గెలిచినవాళ్లు 6, ఏమీ గెలవనివాళ్లు 3. మూడో రౌండుకు పై ముగ్గురిలో ఇద్దరు తలపడతారు. మూడోవాడికి ఒకటి గెలిచినవాళ్లలో ఎక్కువ బేసులు చంపినవాణ్ని ఇస్తారు. మిగిలిన అయిదుగురిలో నలుగురు రెండు జతలు, అయిదోవాడు కింది ముగ్గురిలో ఒకరితో, మిగిలిన ఇద్దరు ఒకరితో ఒకరు. దాని తర్వాత ఓటమి లేనివాళ్లు ఒకరో ఇద్దరో మిగులుతారు. ఇద్దరైతే నాలుగో రౌండులో వాళ్లిద్దరికే ఆట.

జతలు ఫోను ఎక్సెల్‌లో కట్టండి, కానీ తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో గోడకు అంటించండి. ఒక్కొక్కరూ నిర్వాహకుడి ఫోను మీదకు వంగి చూస్తుంటే పది నిమిషాలు పోతాయి. బేసి సంఖ్యలో వచ్చారా? నిర్వాహకుడే ఆడాలి, అతని పాయింట్లు లెక్కలోకి రావు. సరి సంఖ్య అయితే అతను ఆడకూడదు, అంపైర్‌గా తిరగాలి.

అంపైర్

పిలుపు ఎప్పుడూ ఒకేలా వస్తుంది. "అన్నా, ఒకసారి ఇటు రా, ఇది జాగాలో ఉందా లేదా?" ఈలోగా రెండు చేతులూ బేసు మీదే ఉంటాయి. మొదటి మాట: "తమ్ముడూ, చేతులు వెనక్కి. కదపకు." రెండోది: కదలకముందు ఎక్కడుందో ఇద్దరూ వేలితో చూపించాలి. చూపించింది ఒకే చోటైతే కొలబద్ద. వేర్వేరు చోట్లయితే కొలవడం దండగ, మధ్యలో పెట్టేయండి.

రెండు నిమిషాల్లో రూల్ దొరక్కపోతే పాచిక వేసి తేల్చేయండి. ఆ సందేహాన్ని, పాచిక తీర్పును ఒక పుస్తకంలో రాసుకోండి. రోజులో అదే ప్రశ్న మళ్లీ వస్తే అదే తీర్పు వర్తిస్తుంది. అంపైర్ ఉదయం ఒకలా, మధ్యాహ్నం ఒకలా చెప్పాడన్న మాట రాకూడదు. పాచికలు కూడా హాలు తరఫునే ఇవ్వండి, అంచున్న పళ్లెంలో వేయమనండి. గట్టిగా విసిరితే పాచిక ఏనుగు మీద పడుతుంది. పైన కూర్చున్న మావటిని సగం రోజు వెతకాలి.

బహుమతికి ఏటికొప్పాక లక్కబొమ్మ పెట్టండి. ఏనుగో గుర్రమో అడిగితే చేసిస్తారు, బల్ల మీది సైన్యంతో బాగా కుదురుతుంది.

బహుమతులు మాత్రం బేసుల లెక్క అయ్యాకే. నాలుగో రౌండు గంట కొట్టగానే ప్రతి బల్ల దగ్గర ఇద్దరు ఆటగాళ్లూ ఎరుపు 12, నీలం 12 లెక్కపెట్టి, డబ్బా మూత మీది చీటీ మీద సంతకం పెట్టాలి. ముందు బహుమతులిచ్చేస్తే అందరూ ఫోటోల దగ్గరే ఉంటారు, తక్కువైన బేసు ఎవరికీ గుర్తుండదు. సాధారణంగా తప్పిపోయేది తేలికపాటి దళమే, ఉండేది రెండే బొమ్మలు. బల్లలు మడిచే ముందు చీపురు కర్రకు ఒక అయస్కాంతం కట్టి కుర్చీల కింద ఒక తిరుగుడు తిప్పండి. బేసు అడుగున అయస్కాంతపు షీట్ అంటించింది ఇందుకు కూడా పనికొస్తుంది.